స్టీరియో మార్చేముందు చెవులు చూపించుకోండి

మంచి పాటని మంచి సెట్టు మీద వినాలని ఎవరికి ఉండదు? ఒకప్పుడు వీధికొక ఇంట్లో రేడియోగ్రాం ఉంటే గొప్ప. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళల్లో కూడా ఆంప్లిఫయరు విడిగా, నిలువెత్తు స్పీకర్లు విడిగా, సబ్ వూఫరు విడిగా కొనుక్కుని ఓపికగా అమర్చుకునేవాళ్ళు ఉన్నారు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీటు తిరిగి తిరిగి ఒక్కొక్క భాగం సమకూర్చుకునేవాళ్ళున్నారు. అది మంచి సరదాయే. సంగీతం మనసుకి విశ్రాంతినిస్తుంది.

ఐతే ఈ సరదాలో ఒక చిక్కు ఉంది. సెట్టు కొని ఏడాది తిరక్కుండానే చాలామందికి అది చాలనట్టు తోస్తుంది. “మొదట్లో ఉన్న స్పష్టత ఇప్పుడు లేదండీ” అంటారు. “ట్వీటరు మొద్దుబారింది” అంటారు. వాల్యూం ఒక గీత పెంచుతారు. కొన్నాళ్ళకి ఇంకొక గీత. ఆ తర్వాత ఇంకా పెద్ద ఆంప్లిఫయరు కోసం డబ్బు కూడబెట్టడం మొదలుపెడతారు. వైరు మొదలు ప్లగ్గు దాకా అన్నీ అనుమానిస్తారుగాని, ఈ వరసలో చిట్టచివర ఉన్న భాగాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు. ఆ భాగం చెవి. స్పీకరు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. చెవి లోపలి భాగం పోతే మార్చి వేసే దుకాణం ఎక్కడా లేదు.

చెవి ఎలా వింటుంది?

బయట కనిపించే చెవి డొప్ప శబ్దాన్ని పోగుచేసి, సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న గొట్టం ద్వారా కర్ణభేరికి పంపుతుంది. కర్ణభేరి కదిలితే దాని వెనక గొలుసుగా ఉన్న మూడు చిన్న ఎముకలు కదులుతాయి. ఆ కదలిక లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న కాక్లియాలోకి చేరుతుంది. కాక్లియాలో ద్రవం ఉంటుంది. ఆ ద్రవంలో అలలు లేచినప్పుడు, సన్నని కేశాలున్న కణాలు ఊగి, కదలికని విద్యుత్ సంకేతంగా మార్చి నరం ద్వారా మెదడుకి పంపుతాయి. ఒక్కొక్క చెవిలో ఇలాంటి కేశకణాలు సుమారు 15,000 మాత్రమే ఉంటాయి.

కాక్లియాలో ఏ స్వరానికి ఏ చోటు అన్నది నిర్ణయమై ఉంటుంది. కీచు స్వరాలు మొదట్లో, గుమ్మం దగ్గరే పలుకుతాయి. మంద్రస్వరాలు లోపల చివరకంటా పోయి పలుకుతాయి. ఈ సంగతి పరిశోధించి చెప్పినది హంగరీ దేశానికి చెందిన గియోర్గ్ ఫాన్ బెకెషి. ఆయన డాక్టరు కాదు. టెలిఫోను ప్రయోగశాలలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. అందుకుగాను 1961లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

పోయిన కణం తిరిగి రాదు

చర్మం గీసుకుంటే మళ్ళీ మూసుకుంటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పక్షులకి చెవిలోని కేశకణాలు పోయినా మళ్ళీ పుడతాయి. మనిషికి పుట్టవు. పెద్ద శబ్దం ఆ సన్నని కేశాలను గాలివాన వరిపైరుని పడగొట్టినట్టు పడగొడుతుంది. కొద్దిగా వాలినవి ఒకటి రెండు రోజుల్లో లేస్తాయి. రోజూ అదే గాలివాన ఐతే కొన్ని లేవకుండానే చచ్చిపోతాయి.

బాగా పెద్ద శబ్దం విన్న తర్వాత చెవులు దూది పెట్టినట్టుగా ఉండటం, గుయ్ మని మోగటం చాలామందికి అనుభవమే. మర్నాటికి తగ్గిపోయింది గదా, ఇంకేం భయం అనుకుంటాం. కాని 2009లో కుజావా, లిబర్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో కొత్త విషయం బయటపడింది. శబ్దం తర్వాత వాటి వినికిడి పరీక్షలో మామూలు స్థితికి వచ్చింది. కాని కేశకణాలకీ నరానికీ మధ్య ఉండే సంబంధాలు చాలాభాగం శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. అంచేత చెవి గుయ్ మనటాన్ని ఒక హెచ్చరికగానే తీసుకోవాలి.

శబ్దం వల్ల వచ్చే చెవుడు ముందుగా 4,000 హెర్ట్జ్ దరిదాపుల్లో మొదలవుతుంది. ఆ భాగం పోయినవారికి మాట వినబడుతుంది గాని, ఏమి మాటో తెలియదు. స, శ, త, ప, క వంటి హల్లుల్లోని సన్నని ధ్వనులు జారిపోతాయి. “సీత వచ్చింది” అంటే “గీత వచ్చిందా?” అని అడుగుతారు. పెళ్ళి భోజనాల దగ్గర పక్కవాడి మాట అందదు. మనవడి సన్నని గొంతు అర్థం కాదు. ఇది తనంతట తాను గుర్తించేవాడు తక్కువ. “ఏమిటండీ, ప్రతి మాటా రెండుసార్లు చెప్పిస్తున్నారు” అని ఇంట్లోవాళ్ళే ముందు గుర్తిస్తారు. అదే మనిషి స్టీరియో దగ్గర కూర్చుంటే తాళాలు, తంబూరా మీటు, వయొలిన్ అంచులు మసకబారినట్టుంటాయి. అప్పుడు ట్వీటరు మొద్దుబారిందని తోస్తుంది!

డెసిబెల్ లెక్క

శబ్ద తీవ్రతని డెసిబెల్స్‌లో కొలుస్తారు. గుసగుసలు 30, మామూలు సంభాషణ 60, రద్దీ రోడ్డు పక్కన 80 పైచిలుకు ఉంటాయి. ఈ లెక్క రూపాయల లెక్క వంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే పదిరెట్లవుతుంది. కాని మన చెవికి ఆ పదిరెట్లు కూడా “రెండింతలు పెరిగింది” అన్నట్టే ఉంటుంది. మోసమంతా ఇక్కడే ఉంది.

పనిచేసేచోట శబ్దం గురించి అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ పెట్టిన హద్దు ఇది. 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలు. 88 ఐతే 4 గంటలు. 91 ఐతే 2 గంటలు. 94 ఐతే ఒక గంట. 97 ఐతే అరగంట. 100 ఐతే పావుగంట. వినోదం కోసం వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా జాగ్రత్తగా, 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు మించవద్దంటుంది. పిల్లలకైతే 75 చొప్పున 40 గంటలు. ఇంచుమించు ఎంత శబ్దం వస్తోందో చూపే అప్లికేషన్లు ఇప్పుడు సెల్‌ఫోనులోనే దొరుకుతున్నాయి. లెక్క కాస్త అటూ ఇటూ ఐనా, మీరు కూర్చునే కుర్చీ దగ్గర ఒకసారి కొలిచి చూసుకోండి.

కొలిచే సాధనం లేకపోతే ఒక తేలిక గుర్తు ఉంది. పాట వస్తూండగా రెండు చేతుల దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. అరవాల్సి వస్తే శబ్దం ఎక్కువైనట్టే.

మంచి సెట్టుతోనే ఎక్కువ జాగ్రత్త

చవకరకం సెట్టు తానే హెచ్చరిస్తుంది. వాల్యూం పెంచితే జీరపోతుంది, గరగరలాడుతుంది. చెవికి బాధగా ఉండి మనమే తగ్గిస్తాం. ఖరీదైన సెట్టు అలా కాదు. 70 డెసిబెల్స్ దగ్గర ఎంత శుభ్రంగా ఉంటుందో 95 దగ్గరా అంత శుభ్రంగానే ఉంటుంది. ఎక్కడా జీర ఉండదు. అంచేత ఎంత పెంచామో తెలియదు. జీర లేనంత మాత్రాన చెవికి హాని లేదని కాదు. వేలు, లక్షలు పోసి సెట్టు మెరుగుపరుచుకునేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే.

ఎన్ని వాట్లు కావాలి?

దుకాణంలో ముందు అడిగే ప్రశ్న ఇదే. స్పీకరు వెనకనో, దానితో ఇచ్చిన కాగితంలోనో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. మామూలు ఇంటి స్పీకర్లకి 87 డెసిబెల్స్ అలా ఉంటుంది. అంటే ఒకే ఒక్క వాటు ఇస్తే, మీటరు దూరంలో 87 డెసిబెల్స్ శబ్దం వస్తుందని అర్థం. 10 వాట్లు ఇస్తే 97. 100 వాట్లు ఇస్తే 107. హాల్లో మూడు మీటర్ల దూరాన కూర్చుంటే శబ్దం కొంత తగ్గుతుంది. ఐనా స్పీకర్లు రెండు, గోడల నుంచి తిరిగొచ్చేది కొంత కలుస్తుంది. మొత్తం మీద నిత్యం వినడానికి ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయి.

మరి 50 వాట్లు దేనికి? మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు క్షణకాలం పదిరెట్లో ఇంకా ఎక్కువో శక్తి కావాలి. ఆ క్షణాల కోసం నిలవ ఉంచుకునే బలం అది. అంతేగాని 50 వాట్ల ఆంప్లిఫయరు తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం రెండింతలు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలుగా వినిపించాలంటే 500 వాట్లు కావాలి. ఈలోగా కేశకణాలు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు.

వాల్యూం పెంచబుద్ధి ఎందుకవుతుంది?

ఇందులో తప్పంతా వినేవారిది కాదు. మన చెవి తయారీ అలాంటిది. శబ్దం తగ్గినకొద్దీ చెవి మంద్రస్వరాలని మరీ తక్కువగా పట్టించుకుంటుంది. 1933లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనేవారు దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. అందుకే తక్కువ వాల్యూంలో పాట పలచగా, పస లేనట్టుంటుంది. పెంచగానే నిండుగా ఉంటుంది. నిండుదనం కోసమని పెంచుకుంటూ పోతాం.

దీనికి విరుగుడు పాత ఆంప్లిఫయర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బొత్తాం రూపంలో ఉండేది. తక్కువ వాల్యూంలో మంద్రస్వరాలను అది కాస్త ఎత్తి ఇస్తుంది. కొన్ని కొత్త సెట్లలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. లేకపోతే బాస్ మర కొంచెం తిప్పుకోండి. వాల్యూం పెంచకుండానే నిండుదనం వస్తుంది. ‘టోన్ కంట్రోలు ముట్టుకుంటే సంగీతం చెడిపోతుంది’ అనే పట్టింపు కన్నా చెవులు ముఖ్యం.

ముందు గది, తర్వాతే సెట్టు

ఖరీదైన స్పీకర్లని బోసిగోడల హాల్లో పెడితే డబ్బు నీళ్ళపాలే. మన ఇళ్ళల్లో నేల పాలరాయి, గ్రానైటు. గోడలు సున్నం నునుపు. ఒకవైపంతా అద్దాల కిటికీ. గది మధ్య నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. ఖణేల్ మని సాగితే గది మోగుతున్నట్టు. ఆ మోతలో మాట మునిగిపోతుంది. వినబడలేదని వాల్యూం పెంచుతాం. మోత ఇంకా పెరుగుతుంది.

స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందపాటి తివాచీ, అదీ లేకపోతే రెండు మడతల జంపఖానా పరవండి. కిటికీలకి బరువైన పరదాలు, గోడ వారగా పుస్తకాల బీరువా, బట్ట తొడుగుల సోఫా పెట్టండి. స్పీకర్లు రెండూ, మీ కుర్చీ కలిపి మూడు భుజాలూ సమానమైన త్రికోణంలా ఉండాలి. ట్వీటరు కూర్చున్నవారి చెవి ఎత్తుకి రావాలి. గది మూలల్లో ఇరికిస్తే బాస్ బొంయ్ మంటుంది గనుక అడుగు రెండడుగులు ముందుకి జరపండి. షోకేసు మీద, గాజుపలక మీద పెట్టకండి.

ఇంకొక శత్రువు సీలింగు ఫ్యాను. కూలరు ఐతే మరీను. వాటి హోరుని మించి వినాలని తెలియకుండానే వాల్యూం పెంచుతాం. ఫ్యాను రెండు పాయింట్లు తగ్గించి, వీధి వైపు తలుపు మూస్తే, అదే పాట తక్కువ వాల్యూంలో ఎక్కువ స్పష్టంగా వినబడుతుంది. ఈ మార్పుకి పైసా ఖర్చు లేదు.

వినబడని స్వరాలకి వెల కట్టకండి

పసివయసులో మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ వింటుంది. వయసుతో పై అంచు తగ్గుతూ వస్తుంది. యాభై దాటిన చాలామందికి 12,000 పైన ఉన్న స్వరాలు అందవు. ఇది జబ్బు కాదు, సహజం. 1982లో అమ్మకానికి వచ్చిన సి.డి. 20,000 వరకూ అందిస్తుంది. అంతకు మించిన ‘హై రిజల్యూషన్’ అంటూ 40,000 దాకా పలికే సరంజామా ఇప్పుడు దొరుకుతోంది. 2007లో మేయర్, మోరాన్ అనేవారు అమెరికాలో శ్రద్ధగల శ్రోతలకి ఇలాంటి రికార్డింగునే ఒకసారి యథాతథంగా, ఒకసారి సి.డి. స్థాయికి తగ్గించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. జవాబులు ఇంచుమించు సగం ఒప్పు, సగం తప్పు. బొమ్మా బొరుసా వేసినట్టే. ఖరీదైన వైర్ల మీద, పెట్టెల మీద పెట్టే డబ్బులో కొంత తీసి స్పీకర్ల మీద, గది మీద పెడితే ఫలితం తేలిగ్గా తెలుస్తుంది.

లోపం స్పీకరుదా, చెవిదా?

ఒకవైపు శబ్దం తగ్గినట్టు అనుమానం వస్తే మెకానిక్కుని పిలిచేముందు ఈ పరీక్ష చేయండి. కుడి స్పీకరు తగ్గినట్టుందనుకుందాం. కుర్చీ తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చోండి. ఇప్పుడు ఆ స్పీకరు మీ ఎడమచెవి వైపుకి వస్తుంది. ఇప్పుడు కూడా అదే స్పీకరు తగ్గినట్టుంటే లోపం సెట్టులోనో, గదిలోనో ఉంది. అలాకాక మళ్ళీ మీ కుడిచెవి వైపే తగ్గితే లోపం చెవిలో ఉంది.

అదృష్టం బాగుంటే అది గులిమి మాత్రమే కావచ్చు. అగ్గిపుల్ల, పిన్నీసు, దూది చుట్టిన పుల్ల పెట్టి కెలకకండి. గులిమి ఇంకా లోపలికి పోయి గట్టిపడుతుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యడం మన ఇళ్ళల్లో అలవాటు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది ప్రమాదం. చెవి, ముక్కు, గొంతు డాక్టరు కొద్ది నిమిషాల్లో శుభ్రం చేస్తారు.

గులిమి లేకపోతే ఆడియోగ్రాం తీయించుకోవాలి. బయటి శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క స్వరం ఎంత తక్కువ తీవ్రతలో వినబడుతుందో చూస్తారు. సూదిమందు లేదు, నొప్పి లేదు, అరగంట పని. 20 డెసిబెల్స్ లోపునే అన్నీ వినబడితే చెవులు బాగున్నట్టు. 4,000 దగ్గర గీత గుంటలా దిగితే పెద్ద శబ్దం తన పని మొదలుపెట్టినట్టు. పెద్ద సెట్టు కొనబోయే ప్రతివారూ ముందుగా ఒకసారి, ఆ తర్వాత రెండుమూడేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది.

హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారికి

ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది లేకుండా హెడ్‌ఫోన్లతో వినడం మర్యాదే. కాని స్పీకరు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. ఇది చెవి గుమ్మంలోనే ఉంటుంది. ఇంగ్లండుకి చెందిన ‘ది హూ’ అనే బృందం 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్‌లో ఇచ్చిన కచేరీలో 32 మీటర్ల దూరాన 126 డెసిబెల్స్ నమోదైంది. అది గిన్నిస్ రికార్డుల కెక్కింది. చెవులకి హాని అని ఆ తర్వాత గిన్నిస్ వారు అలాంటి రికార్డులు నమోదు చేయడమే మానుకున్నారు. ఆ బృందంలో గిటారు వాయించిన పీట్ టౌన్‌షెండ్‌కి చెవుల్లో మోత, చెవుడు వచ్చాయి. ఐతే అంతటి స్పీకర్ల ముందు నిలబడినవాడు కూడా, తన చెవులు ముఖ్యంగా స్టూడియోలో పెట్టుకున్న హెడ్‌ఫోన్ల వల్ల పాడయ్యాయని చెప్పుకున్నాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం వంద కోట్లమందికి పైగా యువతీయువకులకి ఇలాంటి అలవాట్ల వల్ల చెవుడు వచ్చే ప్రమాదం ఉంది. బస్సులో, రైల్లో బయటి రొదని మించి వినాలని పెంచడమే ఎక్కువ హాని. చెవిని బాగా మూసే రకం, లేదా బయటి రొదని తగ్గించే రకం తీసుకుంటే తక్కువ వాల్యూంతో సరిపోతుంది. గంటకోసారి తీసేసి పది నిమిషాలు చెవులకి విశ్రాంతినివ్వండి. పెట్టుకునే నిద్రపోవద్దు.

ఇరుగుపొరుగు సంగతి

సబ్ వూఫరు శబ్దం గోడల్ని దాటి పోతుంది. పక్కవాటాలోని గుండెజబ్బు మనిషికీ, చంటిపిల్లలకీ, పరీక్షలకి చదివేవాళ్ళకీ నిద్ర చెడుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. సొంత ఇంట్లోని సెట్టు శబ్దం కూడా ఇంటి సరిహద్దు దగ్గర ఈ హద్దుని 5 డెసిబెల్స్ కన్నా మించకూడదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

పొద్దున లేచేసరికో, ఉన్నట్టుండో ఒక చెవి వినబడకుండా పోతే జలుబు వల్ల అనుకుని వారం పది రోజులు ఊరుకోవద్దు. అది లోపలి చెవికి వచ్చిన అత్యవసర స్థితి కావచ్చు. ఆ రోజే, లేకపోతే మర్నాడే డాక్టరుకి చూపించాలి. స్టీరాయిడ్ మందులు మొదటి రోజుల్లో మొదలుపెడితే మేలు కలిగే అవకాశం ఎక్కువ. ఆలస్యమైనకొద్దీ ఆశ తగ్గుతుంది. ఒక చెవిలోనే మోత, కళ్ళు తిరగడం, చీము కారడం ఉన్నా ఆలస్యం చేయకండి.

కొన్ని సందేహాలు

ప్రశ్న: నేను చాలా ఏళ్ళుగా పెద్ద శబ్దంతోనే వింటున్నాను. ఇప్పుడు అలవాటైంది. ఇంక ప్రమాదం లేదు గదా?

జవాబు: చెవి అలవాటు పడదు. మునుపు పెద్దగా అనిపించినది ఇప్పుడు మామూలుగా ఉందంటే వినికిడి తగ్గి ఉండవచ్చు. ఆడియోగ్రాం తీయించుకోండి.

ప్రశ్న: నేను వినేది శాస్త్రీయ సంగీతమే. దానివల్ల కూడా హాని ఉంటుందా?

జవాబు: కేశకణాలకి రాగం తెలియదు. నాదస్వరమైనా, డ్రమ్ములైనా ఒకటే. ఎంత పెద్దగా, ఎంతసేపు అన్నదే లెక్క.

ప్రశ్న: శబ్దం వల్ల వచ్చిన చెవుడు విటమిన్ బిళ్ళలతో తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకోవాలి. ఆ యంత్రాలు ముఖ్యంగా మాట కోసం సర్ది ఉంటాయి. సంగీతానికి వేరే అమరిక పెట్టమని ఆడియాలజిస్టుని అడగండి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు కూడా చెవికి హాని చేయవచ్చు. అవి తీసుకునే రోజుల్లో పెద్ద శబ్దాలకి మరీ దూరంగా ఉండాలి.

సెట్టు మెరుగుపరుచుకోవాలనుకుంటే వరస ఇలా పెట్టుకోండి. ముందు చెవుల పరీక్ష. తర్వాత గది. ఆ తర్వాత స్పీకర్లు. ఆంప్లిఫయరు, తక్కినవి ఆఖరున. మంచి సెట్టు గొప్పతనం తక్కువ శబ్దంలో కూడా అన్నీ వినిపించడంలో ఉంది. అలా వినేవారికి అరవై ఏళ్ళు దాటాక కూడా అదే సెట్టు మీద పాటతోపాటు, పక్కగదిలోంచి పిలిచే మనవరాలి గొంతు కూడా వినబడే అవకాశం ఎక్కువ.